జనరేటర్ ఆపి వాయించిన పాట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా కోడలు హాల్లో సోఫా మీద మఠం వేసుకుని కూర్చుని ఫోన్లో ఎవరితోనో ఒకటే వాదులాట. ఆఫీసు గొడవేమో, మనకెందుకని నేను బాల్కనీలోకి జారుకున్నాను గాని, వెలిమెలలో ఈ కొత్త ఫ్లాట్ల గోడలు ఏ రహస్యాన్నీ దాచవు. చెవులు రిక్కించకుండానే సంగతంతా తెలిసిపోయింది. కాలేజీ రోజుల నుంచీ తాను ప్రాణంగా వింటున్న ఏదో విదేశీ మెటల్ సంగీత బృందం కొత్త ఆల్బంలో అరుపులు మానేసిందట, వేగం మానేసిందట, జోలపాటల్లాంటివి వాయించి వదిలిందట. దాంతో అభిమానులు రెండు వర్గాలుగా చీలి, బృందం ఎదిగిందని కొందరు, చచ్చిందని కొందరు దేశదేశాల నుంచీ తిట్టుకుంటున్నారట. ఫోన్ పెట్టేశాక కూడా ఆవేశం చల్లారక నా దగ్గరికే వచ్చి, "మీరే చెప్పుండ్రి మామయ్యా, గిన్నేండ్లు ఎంటవడి తిరిగినోళ్ళని గిట్ల ముంచుతరా ఎవలన్న?" అంది. ప్రోగ్రెసివ్ మెటల్ అంటే పాట నడుమ తాళం లెక్క మార్చుకుంటూ పోయేదే కదా, వాళ్ళు లెక్క కూడా మానేశారా, ఉత్త అరుపులే మానేశారా అని అడిగాను. లుంగీ కట్టుకుని మిరపమొక్కకు నీళ్ళు పోస్తున్న మామగారి నోట ఆ మాట వచ్చేసరికి పిల్ల కళ్ళు ఇంతలేసయ్యాయి.

ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. కొన్ని సంగతులు కొత్తవాళ్ళకు చెబితే కథలల్లుతున్నాం అనుకుంటారు. పటాన్‌చెరు కంపెనీల్లో ఒళ్ళు వంచినవాళ్ళు, ఆ సైరన్లకు లేచి ఆ సైరన్లకు పడుకున్నవాళ్ళు మీలో ఉంటారు కదా, మీకు చెబితేనే నయం. పవర్ హాలిడే అంటే ఏమిటో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. కరెంటు కరువు రోజుల్లో వారానికో రోజు కంపెనీల లైను మొత్తం ఆపేసేవారు. మిగతా రోజులన్నీ మన ఎముకల్లో మోగుతూ ఉండే ఆ రొద ఒక్కసారిగా తెగిపోయేసరికి చెవుల్లోకి గాలి దూరినట్టుండేది, రోడ్డు మీద మనుషులు కారణం లేకుండానే గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు, కుక్కలు మూసిన గేట్ల ముందు నిలబడి లోపలికి చూస్తూ ఉండేవి. ఆ రోజు బయటికి పోవాలంటే నాకు ఎందుకో గుబులుగా ఉండేది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, సంగారెడ్డి అవతలి పల్లె మనిషి. పెళ్ళికి ముందు బ్యాండుమేళంలో డ్రమ్ము వాయించేవాడు, పెళ్ళయ్యాక ఒక ఫోర్జింగ్ షాపులో హ్యామర్ మీద పనికి కుదిరాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను పట్టకారుతో అచ్చులో పెడితే మీది నుంచి హ్యామర్ దిగి దాన్ని సాగగొడుతుంది. ఆ దెబ్బకు నాలుగు షెడ్ల అవతల టీ గ్లాసులో టీ కూడా వణికేది. బావ వాళ్ళది ఇస్నాపూర్‌లో కిరాయి గది, రైలు పెట్టెల్లా వరసగా ఉండే గదుల్లో ఒకటి. పక్క గదిలో మణిపూర్ నుంచి వచ్చి ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసే మనిషి ఒకడుండేవాడు, అతని దగ్గర ఒక కరెంటు గిటారూ, దాని మోతను పదింతలు చేసే ఒక డబ్బా ఉండేవి. ఆ మోతకు మా అక్క గరిటె పట్టుకుని కొట్లాటకు పోతే, వెనకాలే పోయిన బావ గొడవ సంగతి మరిచిపోయి నీళ్ళ డ్రమ్మును బోర్లించి, రెండు గరిటెలతో అతనికి జోడుగా వాయించడం మొదలుపెట్టాడట. అక్క ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వలేక చచ్చేది.

బావ వాయించింది తన హ్యామర్ లెక్క. ఆ హ్యామర్ ముసలిదైపోయి సరిగ్గా పడేది కాదు. మూడు దెబ్బలు గట్టిగా, రెండు తేలిగ్గా, మళ్ళీ రెండు, ఆ చివరి ఏడోది కుంటుకుంటూ వచ్చేది. మణిపూర్ మనిషి అది విని, ఇటువంటి లెక్కల కోసమే దూరదేశాల వాళ్ళు తలలు బద్దలుకొట్టుకుంటారనీ, దానికి ఫలానా పేరుందనీ చెప్పాడు. చదువు మధ్యలో మానేసి నేను పనిచేసే మందుల కంపెనీలో చేరిన ఒక కుర్రాడు బేస్ గిటార్ పట్టుకుని వచ్చి కలిశాడు. అలా ముగ్గురయ్యారు, బృందానికి పవర్ హాలిడే అని పేరు పెట్టుకున్నారు. ఖాయిలా పడి మూసేసిన ఒక కంపెనీ షెడ్డులో, ఆ హాలిడే రోజే, మధ్యాహ్నం పూట కచేరీ పెట్టేవారు. టెంట్ హౌస్ నుంచి జనరేటర్ తెచ్చేవారు. టికెట్టంటూ ఏమీ లేదు, వచ్చిన ప్రతివాడూ నీళ్ళ సీసా నిండా డీజిల్ తెచ్చి ట్యాంకులో పోసి లోపలికి పోవాలి. ఎవరి బండిలోంచి లాగారో, ఏ డ్రైవర్ని బతిమాలుకున్నారో అడిగేవాళ్ళు లేరు.

అప్పట్లో ఆ పాటలంటే నాకు పిచ్చి. మా నాయన ఒకరి చేలల్లో కూలి చేసి నన్ను బీఎస్సీ చదివిస్తే, నేను మందుల కంపెనీ ల్యాబులో తెల్లకోటు వేసుకుని, దగ్గడానికి కూడా వెనకాడేంత నిశ్శబ్దంలో పనిచేసేవాణ్ణి. అందుకేనేమో ఆ షెడ్డులో డ్రమ్ములూ గిటార్లూ ఒక్కసారిగా లేచి మీద పడితే, మణిపూర్ మనిషి పొట్టలోంచి ఆ గర్జన తీస్తే, ఒళ్ళంతా కడిగేసినట్టుండేది. ముందు వరసలో కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్ళకు లెక్క ఎక్కడ మారుతుందో వేళ్ళ మీద చూపించేవాణ్ణి. హ్యామర్ షాపు వాళ్ళయితే తమ మిషన్ పాటలోకి వచ్చినందుకు పెళ్ళివారిలా మురిసిపోయేవాళ్ళు. బావకు మాత్రం ఒక్క అసంతృప్తి ఉండేది. "గిటార్ అందుకోవాలె గదా అని ఏడో దెబ్బని సీద చేసినం. అది సీద గాదు" అనేవాడు. మేమెవరం పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకు ఆ షాపులో హ్యామర్ తీసేసి కొత్త ప్రెస్సు పెట్టారు, చప్పుడు లేకుండా ఒత్తేసే రకం. పాతదాన్ని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోసి లారీల్లో తుక్కుకు పంపించారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఇంద్రేశంలో మా ఇంట్లో అందరం అన్నాలు తింటుంటే బావ ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగిపోయాడు. "ఇంటున్నవా?" అని అడిగాడు నన్ను. ఏంది బావా అంటే, "హ్యామర్" అన్నాడు. మా ఊరికీ ఆ షాపుకూ మధ్య మైళ్ళ దూరమని మీకు తెలుసు, పైగా ఆ రోజు కరెంటు లేదు, అసలా హ్యామరే లోకంలో లేదు. నవ్వాను. ఆయన నవ్వలేదు. ముద్ద కంచంలో పెట్టేసి, ఏదో పూర్తయ్యేదాకా ఆగినవాడిలా కాసేపాగి, మళ్ళీ తినసాగాడు.

తనకు మతి చలించిందేమోనని బావ కొన్నాళ్ళు లోపల్లోపలే కుమిలిపోయాడట. తీరా చూస్తే ఆ షాపులో ఏళ్ళ తరబడి చేసిన వాళ్ళందరిదీ అదే పరిస్థితి, ఒకరికొకరు చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకున్నారు. బయటపడింది టీ కొట్టు దగ్గర, అప్పుడు నేనూ ఉన్నాను. బల్ల మీద కూర్చున్న ఆ షాపు మనిషి ఒకాయన గ్లాసు మీద గోటితో తాళం వేస్తున్నాడు. ఇస్నాపూర్ వైపు నుంచి ఇంకొకాయన సైకిల్ మీద వస్తూ బెల్లు మూత మీద వేలితో కొట్టుకుంటున్నాడు, దగ్గరికి వచ్చి కాలు కింద పెట్టేసరికి గోరూ వేలూ ఒక్కసారే పడుతున్నాయి, ఏడోది కూడా ఒకే చోట కుంటింది. ఇద్దరూ ఒకరి చేతి వైపు ఒకరు చూసుకుని పాలిపోయారు. ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టింది కాదు, రెండు దిక్కుల నుంచి వచ్చి కలిసింది. ఆ రోజు నాకు టీ తాగబుద్ధి కాలేదు.

చెవుల డాక్టరు బావను చూసి, ఆ మోత చెవి పాడైతే వచ్చేదే, వినికిడి ఇప్పటికే చాలా పోయింది, మిగిలింది కూడా నిలవదు అన్నాడట. అందరికీ ఒకే లెక్కలో ఎందుకు వినబడుతోందని అడిగితే, అది మీ భ్రమ అన్నాడట. బావకు చెవులు పోతాయన్న దిగులు కన్నా ఇంకో దిగులు పట్టుకుంది. మా అక్క ముందరే నాతో అన్నాడు, "నా చెవులు పూరాగ వోకముందు, నాకు ఇనవడేది ఒక్కపారన్న మీ అందరికి ఇనవడాలె. లేకుంటే నేనొక్కన్నే దాంతోటి ఉండాల్సొస్తది" అని. ఆయన ముఖంలో ఆ భయం నాకు స్పష్టంగా కనబడింది.

అప్పటి నుంచి పాటలు మారిపోయాయి. గర్జన పోయింది, వేగం పోయింది. మణిపూర్ మనిషి ఒక్క తీగను మీటి అది పూర్తిగా ఆరిపోయేదాకా వదిలేసేవాడు, బావ ఒక్క దెబ్బ వేసి కర్రలు గాల్లో ఆపి కూర్చునేవాడు, పాటల మధ్య మధ్య ఖాళీలు, రానురాను ఖాళీల మధ్యే కాస్త పాట. మేము మండిపడ్డాం. నేనూ, మందుల కంపెనీల వాళ్ళూ, కాలేజీ పిల్లలూ, బస్సుల బాడీలు కట్టే చోట పనిచేసేవాళ్ళూ ఒక వైపు. హ్యామర్ షాపు వాళ్ళు ఇంకో వైపు. వాళ్ళు ఆ ఖాళీలకు కళ్ళు మూసుకుని తన్మయులైపోతుంటే మాకు ఒళ్ళు మండేది. టీ కొట్టులో బల్లలు వేరయ్యాయి. ఇస్నాపూర్ మంగలి తన షాపులో ఈ బ్యాండు మాట ఎత్తితే సగం గడ్డంతో లేపి పంపిస్తానని గట్టిగా చెప్పాడు, ఒకణ్ణి అలాగే పంపాడు కూడా. డీజిల్ పోసింది కునుకు తీయడానికా అన్నది మా మాట. మోత మాత్రమే పాటనుకునేవాళ్ళతో మాకేం మాటలన్నది వాళ్ళ మాట. నిజం చెప్పాలంటే ఈ రోజుకూ నాది మా మాటే. ఆ పాత పాటల ముందు ఈ కొత్తవి నా లెక్కలో దిగదుడుపే.

చివరికి మా వైపంతా కూడబలుక్కుని, వచ్చే హాలిడేకు ఖాళీ సీసాలే తీసుకుపోదామని తీర్మానించాం. ఆ కబురు బావకు చెప్పడానికి నన్నే పంపారు. అప్పటికే ఆయనకు ఎదురుగా నిలబడి పెదవులు కనబడేలా చెప్పాల్సి వచ్చేది. అంతా విని కోపం తెచ్చుకుంటాడనుకుంటే తలూపాడు. "మంచిదే, ఖాళీ సీసలే తెండి. మా హ్యామరోళ్ళు పోసిన డీజిల్ ఒడిశేదాంక మీ పాటలే వాయిస్తం. ఒడిశినంక నా పాట" అన్నాడు. ఆయన గొంతు అప్పటికే అవసరమైన దానికన్నా పెద్దదిగా వస్తుండేది.

ఆ మధ్యాహ్నం షెడ్డు నిండిపోయింది. నేల మీద ఒకప్పుడు ట్రాలీలు నడిచిన పట్టాలు రెండు ఉండేవి, వాటికి ఇవతల మేము, అవతల వాళ్ళు. రేకుల చిల్లుల్లోంచి ఎండ నాణేల్లా కింద పడుతోంది, దూలాల మీద పావురాలు. అక్క ఎప్పుడూ రానిది ఆ రోజు వచ్చి మా వెనకాల గుమ్మం దగ్గర నిలబడింది. బావ మాట నిలబెట్టుకున్నాడు. మా పాత పాటలన్నీ వరసగా వాయించారు, మణిపూర్ మనిషి గొంతు చీరుకుపోయేలా గర్జించాడు, మేము గెలిచామనుకుని ఎగిరాం. అంతలో గోడ అవతల జనరేటర్ దగ్గి, మూలిగి ఆగిపోయింది. గిటార్ మోత నడిమధ్యలో తెగింది, తీగల మీద వేళ్ళ చప్పుడు మాత్రం కాసేపు వినబడి అదీ ఆగింది. బావ కర్రలు రెండూ డ్రమ్ము మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకున్నాడు.

బయట కంపెనీలన్నీ మూగబోయి ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. అప్పుడు పట్టాల అవతల ఒకాయన తల కిందికి వాలింది, మళ్ళీ లేచింది. పక్కాయనది వాలింది. చూస్తుండగానే అవతలి వైపున్న తలలన్నీ ఒకే తాడు కట్టి లాగినట్టు కలిసి వాలుతూ లేస్తున్నాయి, మూడు, రెండు, రెండు, ఆ చివరిది ఒక్క క్షణం వెనకబడి. ఎవరి కాలూ చప్పుడు చేయడం లేదు, ఎవరి నోరూ కదలడం లేదు, చాలామంది కళ్ళు మూసే ఉన్నాయి. నేను అరచేయి నేలకు ఆనించి చూశాను. చల్లగా ఉంది, కంపనం లేదు. పావురాలు కదలకుండా కూర్చుని ఉన్నాయి. ఉన్నట్టుండి తలలన్నీ లెక్క మధ్యలో ఆగిపోయాయి. అచ్చులో ఇనుము మార్చేటప్పుడు హ్యామర్ అలాగే ఆగేదని నాకు ఆ తర్వాత తెలిసింది. అందరూ నోళ్ళు కాస్త తెరుచుకుని ఎదురుచూస్తున్నారు, దేనికోసమో మా వైపు వాళ్ళకు అంతుబట్టలేదు. ఎవరూ సైగ చేయలేదు, అయినా అన్ని తలలూ ఒక్కసారే మళ్ళీ మొదలయ్యాయి. మా వాళ్ళలో అందరికన్నా పెద్దనోరు ఉన్నవాడు బతిమాలుతున్నట్టు, "జెర జనరేటర్ షురూ జెయ్యుండ్రి అన్నా, ఎవలన్న" అన్నాడు.

నేను అక్క ఉందన్న ధైర్యం కోసం వెనక్కి తిరిగాను. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మా అక్క, బతుకులో ఒక్కసారి కూడా ఫ్యాక్టరీ గేటు లోపల అడుగుపెట్టని మా అక్క, వాళ్ళతో పాటే తల ఊపుతోంది. అంతలో బావ కళ్ళు తెరవకుండానే కర్ర ఎత్తి ఒకే ఒక్క దెబ్బ వేశాడు, అది తలలన్నీ వాలిన చోటే సరిగ్గా పడింది. అంతటితో పాట అయిపోయింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. మా వైపు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఖాళీ సీసాలు అక్కడే వదిలేసి బయటపడ్డారు.

అక్కను దారిలోనే అడిగాను, నీకెట్ల వినబడ్డది అని. "నాకేం ఇనవడలేదురా" అంది. "ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పగటీలి పండుకుంటడు గదా, నిద్రల ఏళ్ళు నేల మీద ఆడుతనే ఉంటయి. పక్కపొంటి కూసోని నేను బియ్యం చెరుగుత. ఆ ఏళ్ళు ఎట్లాడితే నా చేతులు గట్లనే ఆడుతయి. ఆయన ఏళ్ళు ఆగితే నేన్గూడ ఆగుత." మరి అక్కడ అందరూ ఒక్కసారే ఆగారు, ఒక్కసారే మొదలుపెట్టారు, నీకు ఆయన చెయ్యి కూడా కనబడలేదు కదా అంటే, "ఏమోరా, అది నాకూ సమజ్ కాలే" అంది. ఇద్దరం ఇస్నాపూర్ దాకా నడిచాం.

బావ సామాన్లు సర్ది ఇంటికి వచ్చాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా పెదవుల వైపు చూస్తూ, "ఇనవడ్డదా బామ్మర్ది?" అని అడిగాడు. ఎంత ఆశగా అడిగాడో చెప్పలేను. అబద్ధం చెబుదామా అన్న ఆలోచన రాకపోలేదు గాని, ఆ మనిషి ముందు నోరు రాలేదు. లేదు బావా అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. తర్వాత రెండు చేతులతో నా రెండు చెవులూ మెత్తగా పట్టుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "మంచిదే. నీ చెవులు మంచిగున్నయ్. గట్లనే ఉండనియ్" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత బృందం నిలవలేదు. మణిపూర్ మనిషి సొంత ఊరికి వెళ్ళిపోయాడు, బేస్ వాయించిన కుర్రాడు ఎక్కడున్నాడో తెలియదు. బావకు లోకం చప్పుడంతా పోయింది, అదొక్కటి మిగిలింది. చాలా ఏళ్ళు దానితోనే బతికి, దానితోనే వెళ్ళిపోయాడు. హ్యామర్ షాపు వాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు రాలిపోయారు. మొన్నామధ్య ఆఖరాయన పోయాడని కబురొస్తే వెళ్ళి వచ్చాను. అక్కడ పాడె ముందు డప్పు మోగుతుంటే, పాత టీ కొట్టు బల్లల మనిషి ఒక్కరైనా కనబడతారేమోనని చూశాను, ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఫోర్జింగ్ షాపులకు వెళ్ళి చూడండి, ప్రెస్సులు అద్దాల గదుల్లో ఉంటాయి, పనివాళ్ళు చెవులకు డొప్పలు పెట్టుకుంటారు, ఏడాదికోసారి చెవి పరీక్షలు చేస్తారు. నాకు సంతోషమే. ఏ ఇంటి మనిషికీ మా బావ గతి పట్టకూడదు. పవర్ హాలిడేలూ పోయాయి, రోడ్డు రొద ఒక్క రోజు కూడా ఆగదు, అంత నిశ్శబ్దం కావాలన్నా ఇక దొరకదు.

పోయిన నెల ఇంద్రేశంలో మా పాత ఇంట్లో ఉంటున్న అక్కను చూడటానికి వెళితే, మాట మధ్యలో ఆపి, "ఈ నడుమ ఆ లెక్క మర్షిపోతున్న రా. ఐదు దెబ్బల దాంక అందుతది, అటెన్క వోతది. మీ బావ పాటలన్ని నీకు కంఠతా గదా, జెర కొట్టి సూపియ్యి" అంది. మంచం పట్టె మీద మూడు, రెండు, రెండు వేశాను. తల అడ్డంగా ఊపింది. ఏడోది కాస్త ఆలస్యంగా వేశాను, ఇంకాస్త ఆలస్యంగా వేశాను, ముందుకు జరిపీ వేశాను. "అది గాదురా, అది గాదు" అంటూ అక్క ఓపిగ్గా నా వేళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. పట్టాలకు ఇవతలి వైపు కూర్చున్న వాళ్ళం ఈ బెల్టులో ఇప్పటికీ బోలెడంత మందిమి ఉన్నాం, అందరి చెవులూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఆ ఏడో దెబ్బ ఎక్కడ పడాలో అక్కకు చెప్పగలిగిన వాడు మాలో ఒక్కడూ లేడు.